బయోకెమిస్ట్రీ డిగ్రీలో ఆనర్స్ పరిశోధన: గైడ్ ఎంపిక నుంచి వైవా దాకా

డిగ్రీ ప్రాక్టికల్ తరగతిలో చేసే ప్రయోగానికి జవాబు ముందే ఖరారై ఉంటుంది. రావలసిన అంకె ఏదో రికార్డు దిద్దే అధ్యాపకులకు తెలుసు, పక్క బల్ల మీద పనిచేస్తున్న స్నేహితుడికీ తెలుసు. అది రాకపోతే పొరపాటు మన చేతిలోనే జరిగిందని అర్థం. ఆనర్స్ పరిశోధనలో ఆ భరోసా ఉండదు. అనుకున్న ఫలితం రానప్పుడు లోపం చేతిలో ఉందా, రసాయనంలో ఉందా, పరికరంలో ఉందా, లేక మొదట వేసుకున్న ఊహే తప్పా అని తేల్చుకోవడంలోనే నెలలు గడిచిపోతాయి. అలా తేల్చుకోవడం నేర్పడానికే ఈ కార్యక్రమం ఉందని నా అభిప్రాయం. అందువల్ల గైడ్ ఎంపిక దగ్గర నుంచి కంట్రోల్ ట్యూబుల (పోల్చి చూడడానికి పెట్టే ట్యూబుల) సంఖ్య దాకా ఏ నిర్ణయం తీసుకోవలసి వచ్చినా, నేను కొలిచిన అంకెను మరొకరు ఎందుకు నమ్మాలి అన్న ప్రశ్నను గీటురాయిగా పెట్టుకోవాలి.

కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఆనర్స్ ప్రాజెక్టు చివరి సంవత్సరం పాఠాలతో పాటే నడుస్తుంది. మరికొన్నింటిలో డిగ్రీ పూర్తయ్యాక, మంచి మార్కులు వచ్చినవారికి విడిగా ఒక సంవత్సరం కేటాయిస్తారు. పాఠాలతో పాటు నడిచే పద్ధతిలో ల్యాబ్‌కు వారంలో కొన్ని పూటలే దొరుకుతాయి. బ్యాక్టీరియాను ఈ సాయంత్రం పెంచడానికి పెడితే మర్నాడు ఉదయమే వాటితో పని ఉంటుంది కాబట్టి, చెల్లాచెదురుగా వచ్చే నాలుగు పూటల కంటే వరుసగా దొరికే రెండు రోజులు ఎంతో మేలు. ఈ మాటను టైంటేబుల్ ఖరారయ్యే ముందే అడిగి సాధించుకోవాలి. అర్హత మార్కులు, థీసిస్‌కూ సెమినార్‌కూ వైవాకూ విడివిడిగా ఉండే మార్కులు, పదాల పరిమితి, సమర్పణ గడువు వంటివాటిని ఆ సంవత్సరపు నియమావళిలోనే చదవాలి తప్ప సీనియర్ల జ్ఞాపకాన్ని నమ్ముకోకూడదు.

గైడ్, ల్యాబ్, ప్రశ్న

విద్యార్థులు సాధారణంగా ముందు అంశాన్ని ఎంచుకుని, ఆ తరువాత గైడ్ కోసం వెతుకుతారు. నేనైతే ఈ వరుసను తిరగేస్తాను. క్యాన్సర్ మీద పనిచేయాలన్న కోరిక ఎంత గొప్పదైనా, రెండు వారాలకొకసారి కూడా కలవని గైడ్ దగ్గర అది మొదటి మూడు నెలల్లోనే చల్లారిపోతుంది. అంతగా పేరులేని ఈస్ట్ ఎంజైమ్ మీద పనిచేసినా, ప్రతివారం అరగంట కూర్చుని జెల్ ఫొటో (ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసిన జెల్ చిత్రం) చూసే గైడ్ దొరికితే మీరు బయోకెమిస్ట్రీ నేర్చుకుంటారు. పెద్ద ల్యాబుల్లో రోజువారీగా మీకు పని నేర్పేది గైడ్ కాదు, ఒక పీహెచ్‌డీ విద్యార్థో పోస్ట్‌డాక్టరల్ పరిశోధకులో. వారెవరన్నది ముందే తెలుసుకోవాలి. ఆ సంవత్సరం మధ్యలో వారు వెళ్లిపోతున్నారేమో కూడా అడగాలి.

గైడ్‌ను కలవడానికి రాసే ఉత్తరం నాలుగు పేరాలు దాటనక్కర్లేదు. వారి ల్యాబ్ నుంచి వచ్చిన పరిశోధన పత్రాల్లో ఒకటి నిజంగా చదివి, అందులో మీకు అర్థం కాని ఒక విషయాన్ని ప్రశ్నగా రాస్తే చాలు. పొగడ్తల కంటే ఆ ప్రశ్నకే జవాబు వస్తుంది. కలిసినప్పుడు మాత్రం మొహమాటపడకుండా అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఇంతకుముందు ఆనర్స్ విద్యార్థులు ఎవరైనా ఇక్కడ చేశారా, వారి థీసిస్ చూడవచ్చా, నాకు ఇవ్వబోయే ప్రాజెక్టుకు కావలసిన ప్లాస్మిడ్లు (బ్యాక్టీరియాలోకి జన్యువును తీసుకెళ్లే గుండ్రటి డీఎన్‌ఏ ముక్కలు), కణాలు, రసాయనాలు ఇప్పటికే ల్యాబ్‌లో ఉన్నాయా, థీసిస్ ముసాయిదా ఇస్తే ఎన్నాళ్లలో చదువుతారు? గైడ్ గదిలోంచి బయటికి వచ్చాక అక్కడి విద్యార్థులతో విడిగా ఒక పావుగంట మాట్లాడండి. ల్యాబ్ ఎలాంటిదో వారి మాటల కంటే వారి ముఖాలే ఎక్కువ చెబుతాయి.

ప్రశ్న ఎంత చిన్నదైతే అంత మంచిది. "ఫలానా ఎంజైమ్ వ్యాధిలో పోషించే పాత్ర" అన్నది ప్రశ్న కాదు, అది ఒక ల్యాబుకు పదేళ్ల పని. "ఈ ఎంజైమ్‌లో ఫలానా స్థానంలోని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని అలనిన్‌గా మారిస్తే సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ మార్చే పదార్థం) అతుక్కోవడం దెబ్బతింటుందా, లేక చర్య వేగం దెబ్బతింటుందా" అన్నది ప్రశ్న. దానికి కావలసినవి రెండు ప్రోటీన్లు, ఒక నమ్మకమైన కొలత, కొంత ఓపిక. ప్రశ్న సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి నేను చెప్పే పరీక్ష ఒకటుంది: మొదటి వారంలోనే థీసిస్‌లో రాబోయే ముఖ్యమైన గ్రాఫును ఒక కాగితం మీద గీయండి. అడ్డగీత మీద ఏముంది, నిలువుగీత మీద ఏముంది, ఊహ నిజమైతే గీత ఎలా వంగుతుంది, అబద్ధమైతే ఎలా వంగుతుంది అన్నది గీయలేకపోతే ప్రశ్న ఇంకా పరిపక్వం కాలేదన్నమాట. రెండు సందర్భాల్లోనూ చెప్పడానికి ఏదో ఒకటి మిగిలే ప్రశ్ననే తీసుకోవాలి. ఊహ నిజమైతే తప్ప థీసిస్ లేదు అన్న ప్రాజెక్టు జూదంతో సమానం.

మనుషుల రక్తం, కణజాలం, జంతువులు, జన్యుమార్పిడి చేసిన జీవులు వంటివి ప్రాజెక్టులో ఉంటే, నైతిక సంఘం అనుమతో జీవభద్రత అనుమతో కావాలి. వీటికి నెలలు పట్టవచ్చు కాబట్టి, అనుమతి పత్రం గైడ్ పేరు మీద ఇప్పటికే ఉందా, అందులో మీ పేరు చేర్చాలా అన్నది చేరిన రోజే అడగండి.

మొదటి నెల

ఈ నెలలో గొప్ప ఫలితాలేమీ రావు, రానవసరం లేదు. యూనిప్రాట్ అనే ప్రోటీన్ల సమాచార నిధిలో మీ ప్రోటీన్ పుట తెరిచి దాని పొడవు, బరువు, చురుకైన స్థానాలు రాసుకోండి. 1971లో మొదలైన ప్రోటీన్ డేటా బ్యాంకులో దాని నిర్మాణం ఉందేమో చూడండి, లేకపోతే ఆల్ఫాఫోల్డ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఊహించిన నమూనా ఉంటుంది. అయితే ఆ నమూనాలో ప్రతి భాగానికీ నమ్మకం ఎంతో సూచించే అంకె కూడా ఇస్తారని, అది తక్కువగా ఉన్న భాగాల మీద సిద్ధాంతాలు కట్టకూడదని గుర్తుంచుకోవాలి. పరిశోధన పత్రాలు చదివేటప్పుడు సారాంశం కంటే పద్ధతుల భాగం మీదే ఎక్కువ సమయం పెట్టండి. ఏ బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం), ఏ ఉష్ణోగ్రత, ఎంత ఎంజైమ్ అన్న వివరాలే రేపు మీకు పనికొస్తాయి.

మరో పని పిపెట్లను పరీక్షించడం. త్రాసు మీద చిన్న గిన్నె పెట్టి, 100 మైక్రోలీటర్ల స్వేదనజలాన్ని పదిసార్లు వేసి తూచండి. ప్రతిసారీ దాదాపు 100 మిల్లీగ్రాములు రావాలి. 100కు బదులు ప్రతిసారీ 93 వస్తుంటే పిపెట్‌కు మరమ్మతు కావాలి. ఒకసారి 93, ఒకసారి 104 వస్తుంటే తర్ఫీదు కావలసింది మీ బొటనవేలికి.

బఫర్ల విషయంలోనూ ఇలాంటి చిన్న ఉచ్చులే ఉంటాయి. అందరూ వాడే ట్రిస్ బఫర్ పీహెచ్ ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. ఒక్కో డిగ్రీ తగ్గినప్పుడు దాదాపు 0.03 పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 8.0కు సరిచేసిన బఫర్‌ను 4 డిగ్రీల గదిలోకి తీసుకెళ్లి ప్రోటీన్‌ను శుద్ధి చేస్తే, అక్కడ దాని పీహెచ్ సుమారు 8.6 ఉంటుంది. సీసా మీద మాత్రం 8.0 అనే రాసి ఉంటుంది.

భద్రతా శిక్షణను లాంఛనంగా భావించి సంతకం పెట్టి వచ్చేయకండి. జెల్ పోయడానికి వాడే అక్రిలమైడ్ గడ్డకట్టక ముందు నాడీవ్యవస్థకు విషం. చేతి తొడుగు లేకుండా ముట్టకూడదు.

కొలత నమ్మదగినదేనా

ప్రాజెక్టు మొత్తంలో అత్యంత ముఖ్యమైన దశ ఇదే కాబట్టి ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ఫాస్ఫటేజ్ ఎంజైములను కొలవడానికి చాలా ల్యాబుల్లో పారా-నైట్రోఫినైల్ ఫాస్ఫేట్ వాడతారు. ఎంజైమ్ దాని నుంచి ఫాస్ఫేట్‌ను తెంచినప్పుడు పారా-నైట్రోఫినాల్ విడుదలవుతుంది, ద్రావణం పసుపు రంగుకు తిరుగుతుంది, ఆ పసుపును 405 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. ఎంజైమ్‌కు ఏ పీహెచ్ అనుకూలమో తెలుసుకోవాలని ఒక విద్యార్థి 5 నుంచి 9 దాకా వేర్వేరు బఫర్లలో చర్యను నడిపి, రంగు చిక్కదనాన్ని కొలిచే ప్లేట్ రీడర్‌లో నేరుగా చదివాడనుకుందాం. పీహెచ్ 5 దగ్గర దాదాపు ఏమీ లేదు, 7 దగ్గర మధ్యస్థంగా ఉంది, 9 దగ్గర బాగా ఎక్కువ ఉంది. గీత ఎంతో నునుపుగా వచ్చింది, మూడుసార్లు చేసినా అలాగే వచ్చింది, థీసిస్‌లో పెట్టడానికి సిద్ధంగా ఉంది.

ఆ గీత చెబుతున్నది ఎంజైమ్ గురించి కాకపోవచ్చు. పారా-నైట్రోఫినాల్ పీకేఏ విలువ (సగం అణువులు ప్రోటాన్‌ను కోల్పోయే పీహెచ్) దాదాపు 7.1, ప్రోటాన్‌ను కోల్పోయిన రూపానికే ఆ చిక్కటి పసుపు రంగు ఉంటుంది. అంటే పీహెచ్ 7 దగ్గర తయారైన పదార్థంలో దాదాపు సగమే కంటికి కనబడుతుంది, 5 దగ్గర ఎంత తయారైనా నూటికి ఒక వంతు కూడా కనబడదు. ఆమ్లంలో బ్రహ్మాండంగా పనిచేసే ఎంజైమ్ కూడా ఈ కొలతలో చచ్చుబడినట్టే కనిపిస్తుంది. మూడుసార్లు చేసినా అదే ఫలితం రావడం ఇక్కడ ధైర్యమిచ్చే విషయం కానే కాదు, ఎందుకంటే తప్పు కూడా మూడుసార్లు ఒకేలా జరిగింది.

మందు సులువే. ప్రతి బఫర్‌లోనూ చర్యను నిర్ణీత కాలం నడిపి, ఆ తరువాత సోడియం హైడ్రాక్సైడ్ కలిపితే చర్య ఆగిపోతుంది, అన్ని ట్యూబులూ ఒకే క్షార స్థితికి వస్తాయి, తయారైన పదార్థమంతా పసుపుగా కనబడుతుంది, అప్పుడు చదవాలి. ఇక రోగం ఉందో లేదో కనిపెట్టడం ఇంకా సులువు: ఎంజైమ్ లేకుండా, తెలిసిన మోతాదులో పారా-నైట్రోఫినాల్‌ను ఒక్కో బఫర్‌లో కలిపి చదివి ఉంటే, మొదటి రోజు పది నిమిషాల్లోనే విషయం బయటపడేది. కంట్రోల్ ట్యూబు అంటే ఇదే. ఎంజైమ్ లేని ట్యూబు, సబ్‌స్ట్రేట్ లేని ట్యూబు, ఉడకబెట్టిన ఎంజైమ్ ఉన్న ట్యూబు, చర్యలో తయారయ్యే పదార్థాన్ని తెలిసిన మోతాదులో కలిపిన ట్యూబు అనే నాలుగింటిలో ప్రతిదీ ఒక అనుమానాన్ని తీరుస్తుంది. ఏ అనుమానాన్నీ తీర్చని కంట్రోల్‌ను లెక్క కోసం పెట్టనక్కర్లేదు.

ఇది ఇప్పటి చిక్కు కాదు. 1913లో లియొనార్ మైకేలిస్, మాడ్ మెంటెన్ చక్కెరను విడగొట్టే ఇన్వర్టేజ్ ఎంజైమ్ మీద పనిచేసినప్పుడు ఇలాంటిదే ఎదుర్కొన్నారు. చక్కెర విడిపోగా వచ్చిన గ్లూకోజ్ ధ్రువిత కాంతిని తిప్పే కోణం, అది పుట్టిన తరువాత కూడా కొంతసేపు మారుతూనే ఉంటుంది. వెంటనే చదివితే అంకె తప్పు. వారు క్షారం కలిపి ఎంజైమ్‌ను ఆపి, కోణం స్థిరపడ్డాకే చదివారు, ద్రావణం పీహెచ్‌ను కూడా బఫర్‌తో నిలబెట్టారు. సబ్‌స్ట్రేట్ గాఢతను బట్టి చర్య వేగం ఎలా మారుతుందో చెప్పే వారి సమీకరణం నేటికీ ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంది, దాని వెనుక ఇంత జాగ్రత్త ఉంది.

అదే సమీకరణాన్ని మీరు వాడబోతుంటే, తొలి వేగాన్నే కొలవాలి. సబ్‌స్ట్రేట్‌లో నూటికి పది వంతుల కంటే ఎక్కువ ఖర్చు కాకముందే చదవడం వాడుకలో ఉన్న హద్దు. ఎంజైమ్ మోతాదును రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు కావాలి. కాకపోతే ఎక్కడో ఏదో అడ్డుపడుతోంది. సబ్‌స్ట్రేట్ గాఢతలను కేఎమ్ (వేగం గరిష్ఠంలో సగానికి చేరే సబ్‌స్ట్రేట్ గాఢత) విలువలో అయిదో వంతు నుంచి దానికి అయిదు రెట్ల దాకా పరచాలి. అన్నీ పై కొసలోనే పెట్టుకుంటే గీత చదునుగా వస్తుంది, దాని నుంచి కేఎమ్ తీయడం కుదరదు.

ప్రోటీన్ మొండికేసినప్పుడు

ఇ. కోలై బ్యాక్టీరియాలో ప్రోటీన్‌ను తయారుచేయించే ప్రాజెక్టుల్లో తరచుగా ఎదురయ్యే నిరాశ ఒకటుంది. జెల్ మీద లావుపాటి బ్యాండ్ కనిపిస్తుంది, సంతోషం కలుగుతుంది, తీరా సెంట్రిఫ్యూజ్ చేసి చూస్తే ప్రోటీన్ అంతా అడుగున మడ్డిలోనే ఉంటుంది. సరిగ్గా మడత పడని ప్రోటీన్ ముద్దలు కట్టిందన్నమాట. ప్రోటీన్ తయారీని మొదలుపెట్టించే ఐపీటీజీ అనే రసాయనం కలిపాక 37 డిగ్రీలకు బదులు 16 లేక 18 డిగ్రీల దగ్గర రాత్రంతా పెంచడం మొదట ప్రయత్నించవలసిన మార్గం. ఐపీటీజీ మోతాదు తగ్గించడం, వేరే రకం బ్యాక్టీరియాను వాడడం, కరిగే గుణమున్న మరో ప్రోటీన్‌ను తోకగా తగిలించడం ఆ తరువాతివి. ప్రోటీన్ చివర తగిలించిన, నికెల్‌కు అతుక్కునే హిస్టిడిన్ తోక పట్టుకుని నికెల్ కాలమ్‌లో శుద్ధి చేసేవారు కాలమ్‌లోకి ఈడీటీఏ (లోహాలను పట్టేసే రసాయనం) వెళ్లకుండా చూసుకోవాలి, అది నికెల్‌నే ఊడ్చుకుపోతుంది.

ఈ ప్రయత్నాలకు ముందే ఒక గడువు పెట్టుకోవడం తెలివైన పని. ప్రాజెక్టుకు 30 వారాలు ఉంటే, 12వ వారం నాటికి కరిగే ప్రోటీన్ చేతికి రాకపోతే ఏం చేస్తామన్నది గైడ్‌తో మొదటి నెలలోనే మాట్లాడుకోవాలి. ఇప్పటికే ల్యాబ్‌లో ఉన్న మరో ప్రోటీన్‌తో అదే ప్రశ్నను అడగడమో, ప్రశ్నను కంప్యూటర్ మీద చేయగల విశ్లేషణ వైపు తిప్పడమో ఏదో ఒక దారి ఉంటుంది. 20వ వారంలో దిక్కుతోచక వెతుక్కునే దారి కంటే, 2వ వారంలో చల్లగా ఆలోచించిన దారి ఎప్పుడూ మెరుగ్గా ఉంటుంది.

నోట్‌బుక్, ట్యూబులు, లెక్కలు

ల్యాబ్ నోట్‌బుక్‌లో పేజీ అంకె, తేదీ, ఉద్దేశం, వాడిన సీసా బ్యాచ్ నంబరు, చేసిన మార్పు, వచ్చిన ముడి అంకె అన్నీ ఆ రోజే పడాలి. చిత్తు కాగితం మీద రాసి ఆదివారం ఎక్కిద్దామనుకుంటే ఆ కాగితం ఆ లోపే తెల్లకోటు జేబులో ఉతుకుడుకు వెళుతుంది. నా అనుభవం ఇంకొకటి ఉంది. నేను ఒక ల్యాబ్‌లో పనిచేసిన తొలి రోజుల్లో, మూడు వారాలు కష్టపడి తయారుచేసుకున్న పద్దెనిమిది ట్యూబుల మూతల మీద మామూలు మార్కర్‌తో ఒకటి, రెండు, మూడు అని వేసి మైనస్ 80 ఫ్రీజర్‌లో పెట్టాను. కొన్నాళ్లకు పెట్టెను బయటికి తీసి, మంచు పట్టిన మూతలను ఆల్కహాల్‌తో తుడిచాను. అంకెలు కూడా మంచుతో పాటే పోయాయి. ఏది మార్పు చేసిన మ్యుటెంటో ఏది మామూలు ప్రోటీనో తెలియని ఆ ట్యూబులను పారేయక తప్పలేదు. అప్పటి నుంచి చలిని తట్టుకునే లేబుల్ మీద పేరు, తేదీ, నోట్‌బుక్ పేజీ అంకె రాసి అంటిస్తున్నాను; పెట్టె గళ్ల పటాన్ని నోట్‌బుక్‌లో గీస్తున్నాను.

గణాంకాల్లో ఆనర్స్ థీసిస్‌లు ఎక్కువగా తడబడేది పునరావృతాల లెక్క దగ్గర. ఒకే ప్రోటీన్ తయారీ నుంచి ప్లేట్‌లోని మూడు గుంటల్లో పోసి చదివితే అది మీ పిపెట్ ఎంత నిలకడగా ఉందో చెబుతుంది, అంతే. ఆ మూడూ కలిపి ఒకే నమూనా. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు బ్యాక్టీరియా కల్చర్ల నుంచి మూడుసార్లు శుద్ధి చేసి కొలిచినప్పుడే మూడు నమూనాలు అనవచ్చు. గ్రాఫు మీది నిలువు గీతలు ప్రామాణిక విచలనమా, ప్రామాణిక దోషమా అన్నది చిత్రం కింద తప్పక రాయాలి. రెండోది ఎప్పుడూ చిన్నగా కనిపిస్తుంది కాబట్టి అందంగా ఉందని దాన్ని ఎంచుకోవడం సరికాదు. వేగం, గాఢత రెండింటి విలోమాలతో గీసే 1934 నాటి లైన్‌వీవర్-బర్క్ సరళరేఖను వివరణ కోసం గీయవచ్చు గానీ విలువలు దాని నుంచి తీయకూడదు: విలోమాలు తీసుకున్నప్పుడు తక్కువ గాఢతల దగ్గరి చిన్న పొరపాట్లు భారీగా పెరిగి రేఖను తమవైపు లాక్కుంటాయి. ముడి అంకెలకు నేరుగా వక్రరేఖను అమర్చే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ప్రతి కంప్యూటర్‌లోనూ నడుస్తుంది.

జెల్ ఫొటోల వెలుతురును సర్దవలసి వస్తే చిత్రమంతటికీ ఒకేలా సర్దాలి, అసలు ఫైలును ముట్టుకోకుండా దాచాలి. నచ్చని అంకెను తీసేయాలనిపిస్తే, ఏ కారణంతో తీసేస్తామన్నది ఆ అంకెను చూడకముందే రాసి ఉండాలి.

రాయడం, వైవా

పద్ధతుల భాగాన్ని ప్రయోగాలు జరుగుతుండగానే రాసుకుంటూ పోవాలి. గడువుకు ఆరు వారాల ముందు ల్యాబ్ పని ఆపేయాలని నా సలహా. ఇంకొక్క ప్రయోగం చేస్తే బాగుంటుందన్న ఆశ చివరి రోజు దాకా ఉంటుంది, దానికి లొంగినవారి చర్చా భాగం ఒక్క రాత్రిలో రాసినట్టే ఉంటుంది. ముందు చిత్రాలను వరుసలో పేర్చి, ఒక్కో చిత్రం ఏం చెబుతోందో ఒక్కో వాక్యంలో రాయండి; ఆ వాక్యాలే ఫలితాల భాగానికి వెన్నెముక. పనిచేయని ప్రయోగాన్ని దాచిపెట్టనక్కర్లేదు, ఏయే కంట్రోళ్లు పెట్టి ఏయే కారణాలను కొట్టివేశారో రాస్తే అదీ ఫలితమే.

వైవాలో పరీక్షకులు అడిగేవి చాలావరకు మౌలికమైన ప్రశ్నలు. ఈ బఫర్ ఎందుకు, 405 నానోమీటర్లే ఎందుకు, ఈ ట్యూబు లేకపోతే ఏమయ్యేది, రంగు మార్పును బట్టి లెక్కించే బ్రాడ్‌ఫర్డ్ పద్ధతిలో ప్రోటీన్ కొలిచారు కదా, మీ ద్రావణంలో డిటర్జెంట్ ఉంటే ఆ రంగు ఏమవుతుంది? తెలియనిదాన్ని తెలియదని చెప్పి, తెలుసుకోవడానికి ఏ ప్రయోగం చేస్తారో వెంటనే చెప్పగలిగితే పరీక్షకులు తృప్తిపడతారు.

వైవా అయ్యాక ఇంకో రోజు పని మిగిలి ఉంటుంది. ముడి అంకెల ఫైళ్లను ల్యాబ్ కంప్యూటర్‌లోకి ఎక్కించి, నోట్‌బుక్‌ను గైడ్‌కు అప్పగించి, గ్లిసరాల్ స్టాకులు (గ్లిసరాల్ కలిపి గడ్డకట్టించి దాచిన బ్యాక్టీరియా), ప్లాస్మిడ్లు, మిగిలిన ప్రోటీన్ ఏ ఫ్రీజర్‌లో ఏ పెట్టెలో ఏ గడిలో ఉన్నాయో ఒక పట్టిక రాసి ఆ పెట్టె మూతకే అంటించాలి. వచ్చే ఏడాది అదే ప్రోటీన్‌తో పని మొదలుపెట్టే విద్యార్థి ఆ పెట్టెను తెరిచేటప్పుడు మీరు అక్కడ ఉండరు.